నాకు ఏ వరమున్నది?

చదువవలసిన భాగములు: 1 కొరింథీ 12వ అధ్యాయము; రోమా 12:3–8; ఎఫెసీ 4:11, 12; 1 పేతురు 4:10, 11



గడచిన వేసవిలో మా ప్రక్క గ్రామమున మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగెను. మా సంఘమునుండియు రెండు ట్రాక్టర్ల మీద జనులు వెళ్లిరి. మేమును వెళ్లితిమి. వాక్యము చెప్పిన సహోదరుడు పరిశుద్ధాత్మను గూర్చి ఆసక్తితో బోధించెను; ఆయన చెప్పినదానిలో మేము నేర్చుకొనవలసినదియు కొంత యుండెను. అయితే కడపటి రాత్రి ఆయన, భాషలతో మాటలాడనివాడు ఇంకను ఆత్మను పొందనివాడేయని చెప్పి, వరము పొందినవారందరు చేతులెత్తవలెనని పిలిచెను. చేతులు చాల లేచెను. లేవని చేతులను ఎవరును లెక్కపెట్టలేదు.

మా సంఘములో ఒక తల్లి యున్నది. విధవరాలు, ఏబదియైదు ఏండ్లు దాటినది, చేలలో కూలికి పోవును. చదువు రాదు. ఆ కూటములైన తరువాత ఆమె ఆదివారపు ఆరాధనకు వచ్చుచునే యుండెను గాని ప్రభువు బల్లయొద్దకు వచ్చుట మానుకొనెను. మొదటి నెల మేము గమనింపలేదు. రెండవ నెలయు గమనింపలేదు. మూడవ నెలలో మా ఇంటివారు చెప్పగా మాకు తెలిసెను. ఇది కాపరికి సిగ్గుపడదగిన సంగతియే గాని, దాచినయెడల ఈ పాఠము వ్రాయుటకు మాకు హక్కుండదు.

సాయంకాలమున ఆమె యింటికి వెళ్లితిమి. అరుగుమీద కూర్చుండి చేటలో బియ్యము పోసుకొని రాళ్లు ఏరుచుండెను. విషయమడుగగా తల యెత్తకయే చెప్పెను: "ఆ రాత్రి అందరూ చేతులెత్తారు అయ్యగారూ. నా చెయ్యి లేవలేదు. దేవుని యెదుట అబద్ధమాడలేను గదా. నాకు ఏ వరమూ లేదు. ఆత్మ లేనిదాన్ని, బల్ల దగ్గరికి ఏ మొగం పెట్టుకొని వచ్చేది?"

మేము వెంటనే సెమినరీలో నేర్చిన పాఠము ఎత్తుకొంటిమి. కృపావరములు ఎన్ని, వాటి పేర్లేమి, ఏ పత్రికలో ఏవి వ్రాయబడినవి, అన్నియు వరుసగా చెప్పితిమి. ఆమె ఓపికతో విని, "చదువుకున్నోళ్లు, మీకు తెలుస్తయ్యి" అని లేచి, మాకు టీ పెట్టి యిచ్చెను. టీ త్రాగి ఇంటికి వచ్చితిమి. ఆమె అడిగినది ఒకటి, మేము చెప్పినది వేరొకటి. ఆ రాత్రి 1 కొరింథీ 12వ అధ్యాయమును క్రొత్తగా చదువువానివలె చదువ మొదలుపెట్టితిమి. అప్పుడు కనుగొనిన కొన్ని సంగతులే ఈ పాఠము.

కొరింథు రెండు రేవుల పట్టణము. పడమట లెకాయము, తూర్పున కెంక్రేయ. క్రీ.పూ. 146లో రోమీయులు దానిని నేలమట్టము చేసిరి, క్రీ.పూ. 44లో యూలియ కైసరు దానిని మరల కట్టనాజ్ఞాపించెను. అక్కడ కాపురము పెట్టబడినవారిలో విడుదల పొందిన దాసులు చాలమంది యుండిరి. నిన్న దాసుడు, నేడు వర్తకుడు, రేపు పట్టణపు అధికారి! అటువంటి చోట ఎవడు ఎవనికంటె ఒక మెట్టు పైనున్నాడను లెక్క మనుష్యులను విడువదు. పౌలు అక్కడ ఏడాదిన్నర యుండి (అపొ. కార్య. 18:11) సంఘమును స్థాపించెను, గల్లియోను అధిపతిగానున్న కాలమునుబట్టి అది క్రీ.శ. 51 ప్రాంతమని తెలియుచున్నది. ఆ మెట్ల లెక్క బాప్తిస్మపు నీళ్లలో కొట్టుకొనిపోలేదు. ప్రభువు భోజనమునకు కూడినప్పుడు ఒకడు ఆకలిగొనుచుండగా మరియొకడు తిని త్రాగి మత్తుడగుచుండెను (11:21). వరముల విషయములోను అదే జరిగెను. కనబడు వరము గలవాడు పైమెట్టు మీద, కనబడనివాడు క్రిందిమెట్టు మీద. మన సంఘములలో ఉద్యోగస్థులకు కుర్చీలు వేసి కూలివారికి చాపలు పరచు అలవాటు ఇంకను పోలేదు గనుక కొరింథువారిని చూచి మనము మరీ ఆశ్చర్యపడనక్కరలేదు.

శరీరము, అవయవములు అను పోలికను పౌలు మొదట కల్పించినవాడు కాడు. రోమీయులలో అది పాత కథ. క్రీ.పూ. 494లో బీదజనులు ధనికుల అన్యాయమునకు విసిగి పట్టణము విడిచి కొండయెక్కగా, మెనేనియు అగ్రిప్ప అను పెద్దమనుష్యుడు వారియొద్దకు పోయి ఈ కథ చెప్పెనని లివీ అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. చేతులును నోరును పండ్లును కడుపుమీద కోపగించి, ఊరక కూర్చుండు దానికి మేమెందుకు తిండి పెట్టవలెనని పని మానినవట; అందుచేత శరీరమంతయు క్షీణించెనట. కాబట్టి బీదలు తిరిగి వచ్చి పెద్దలకు పని చేయవలెనని ఆ కథ తాత్పర్యము. చూడుడి, ఆ కథ ఎవరికి మేలుగా చెప్పబడినదో! పౌలు అదే కథను తీసికొని తలక్రిందులు చేసెను. బలహీనములుగా కనబడు అవయవములే మరి అవసరమైనవని ఆయన చెప్పుచున్నాడు (22వ వచనము). ఘనత తక్కువైనదానికి దేవుడే ఎక్కువ ఘనత కలుగజేసి శరీరమును అమర్చెనని చెప్పుచున్నాడు (24).

ఇంతవరకు మేము పూర్వమే ఎరుగుదుము. ఆ రాత్రి మాకు క్రొత్తగా కనబడినది వచనముల వరుస. ఈ అధ్యాయముమీద ప్రసంగించునప్పుడెల్లను మేము 21వ వచనము పట్టుకొని గర్విష్ఠులను గద్దించుచుంటిమి. అక్కడ కన్ను చేతిని, తల పాదములను అక్కరలేదని త్రోసివేయుచున్నది. అయితే దానికి ముందు 15, 16 వచనములున్నవి గదా! అక్కడ మాటలాడుచున్నది కన్నును కాదు, తలయు కాదు; పాదము. తాను చెయ్యి కాలేదు గనుక తాను శరీరములోనిది కానని పాదము చెప్పుకొనుచున్నది. చెవియు అట్లే, కన్ను కాలేదని. ఎవరును దానిని వెళ్లగొట్టలేదు. తనంతట తానే వెలియైపోవుచున్నది. పౌలు మొదట జవాబిచ్చినది ఈ కృంగినవారికి. గర్వించినవారి వంతు తరువాత వచ్చినది. అరుగుమీద బియ్యము ఏరుచున్న ఆ తల్లి చెప్పినది పాదము చెప్పిన మాటయే. ఇరువది ఏండ్లు ఈ అధ్యాయమును బోధించియు మేము ఆ పాదము మొర వినలేదు.

ఇక వరముల పట్టీల సంగతి. 1 కొరింథీ 12:8–10లో తొమ్మిది యున్నవి. అదే అధ్యాయము 28వ వచనములో ఎనిమిది. రోమా 12లో ఏడు. ఎఫెసీ 4లో మరికొన్ని. పేతురు రెండే మాటలలో ముగించుచున్నాడు: బోధించుట, ఉపచారము చేయుట. ఏ రెండు పట్టీలును ఒకటిగా లేవు. కావున ఇది రేషను కార్డువలె ఇన్నియే, ఇవియే అని ముద్రవేసిన లెక్క కాదు. ఆయా సంఘమునకు కావలసినవాటిని ఆత్మ పంచియిచ్చుచుండగా అపొస్తలులు తమ కన్నుల యెదుట నున్నవాటిని వ్రాసిరని మా అభిప్రాయము. గుడారపు పనిలో బెసలేలు బంగారమును చెక్కను చెక్కుటకు దేవుని ఆత్మతో నింపబడెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో నున్నది. అది ఏ పత్రికలోని పట్టీలోను లేదు. అయినను ఆత్మ పనియే.

28వ వచనములో ఒక చిన్న మాట యున్నది: "ఉపకారములు". గ్రీకుభాషలో ఆ మాటకు, పడిపోవువానిని చేయిపట్టి ఆపుట, బరువు మోయువానితో కలిసి పట్టుకొనుట అను భావమున్నది. స్వస్థపరచు వరములకు తరువాత, భాషలకు ముందు, పౌలు దానిని కూర్చుండబెట్టెను. మనము ఆ మాటమీద ఎన్నడైన ప్రసంగము వింటిమా? ఉపకార వరము కొరకు ఉపవాస కూటము పెట్టిన సంఘము మాకైతే తెలియదు.

దాని తరువాతి మాట "ప్రభుత్వములు". ఇది అధికారము చెలాయించుటయని కొందరు పెద్దలు తలంచుచున్నారు. గ్రీకులో అది ఓడ నడుపువాని మాట. చుక్కాని పట్టువాని పని. సరంగు పడవలో అందరికంటె గొప్పవాడని కూర్చుండడు. ఇసుకమేట ఎక్కడున్నదో ఎరిగి తిప్పును. మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి మంచి దృష్టాంతమున్నది. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. ఆయన యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడు. ఆనాటి తెలుగు బోధకులు గుంపులకు మేస్త్రీలుగా నుండి, మన్ను మోయించి, విశ్రాంతివేళ అదే జనులతో సువార్త చెప్పిరి. కూటికొరకు మతములో చేరిరన్న మాట రాకుండ, ఆ కాలములో ఆయన బాప్తిస్మము లియ్య నిరాకరించెను. పనులు ముగిసిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము పండుగలలో చెప్పుకొందుము. కొలతగొలుసును, కూలి లెక్కల పుస్తకమును చెప్పుకొనము.

లెక్కల పుస్తకమనగా మా తప్పిదమొకటి చెప్పవలసియున్నది. మా సంఘపు కానుకల లెక్క చాల యేండ్లు మేమే వ్రాసితిమి. లెక్కలు మాకు చేతకావు. ప్రతి సంవత్సరమును సభకు ముందు రెండు రాత్రులు నిద్ర లేకుండ కూడుచు తీసివేయుచు నుంటిమి. మా సంఘములో రైసుమిల్లు గుమాస్తా యొకడున్నాడు. మాటలాడుమంటే వణకును, ప్రార్థన చేయుమంటే కనబడకుండ పోవును. అట్టివానికి వరమేమున్నదని మేము తలంచితిమి. ఒక యేడు మాకు జ్వరము తగిలి పుస్తకము అతని కియ్యవలసివచ్చెను. అతడు నాలుగు దినములలో లెక్క తేల్చి, మూడేండ్ల క్రిందట మేము రెండుసార్లు వ్రాసిన ఒక ఖర్చును చూపెను, అదియు ఎవరును లేనప్పుడు, మెల్లగా. అతని నమ్మకత్వమును మేము అనుమానించినది లేదు. పుస్తకము మా చేతిలోనుండి పోవుటయే మాకిష్టము లేకపోయెను.

ఎఫెసీ 4:12 కాపరులకు ఈ విషయమే నేర్పుచున్నది. కాపరి అనుగ్రహింపబడినది సంఘపు పనియంతయు తానే చేయుటకు కాదు. పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచుటకు. సిద్ధపరచుట అను ఆ మాటతో పుట్టిన క్రియయే మార్కు 1:19లో యాకోబును యోహానును దోనెలో వలలు బాగుచేసికొనుచుండిరని చెప్పుచోటనున్నది. వల బాగుచేయువాడు ప్రతి కన్నును వ్రేళ్లతో తడిమి చూచును. ఏది తెగినది, ఏది ముడిపడినది, ఏది గట్టిగానున్నది తెలిసికొనును. మేము వల తడుముట మాని, చేతులతోనే చేపలు పట్టుచు అలసిపోతిమి.

ఇప్పుడు ఆ తల్లి సంగతికి వచ్చెదము.

వర్షకాలము మధ్య మా పేటలో ఒక యౌవనస్థుడు పొలములో మోటారు వేయబోయి కరెంటు తగిలి చనిపోయెను. పెండ్లియై రెండేండ్లు కాలేదు. అతని భార్య రెండు దినములు అన్నము ముట్టలేదు, ఏడ్వలేదు, ఎవరితోను మాటలాడలేదు. గోడవైపు చూచుచు కూర్చుండెను. మేము వెళ్లి వాక్యము చదివి ప్రార్థించితిమి. ఆమె కదలలేదు. మేము ఇంక ఏమి చేయవలెనో తోచక వాకిట నిలుచుండగా, మా తల్లి పొలమునుండి వచ్చిన బురద కాళ్లు కడుగుకొని లోపలికి పోయెను. ఏమియు మాటలాడలేదు. ఆ చిన్నదాని వెనుక కూర్చుండి, చిక్కుపడిన జుట్టు విప్పి, నూనె రాసి, మెల్లగా దువ్వ మొదలుపెట్టెను. అరగంట దువ్వియుండును. అప్పుడు ఆ చిన్నది పెద్దపెట్టున ఏడ్చి ఆమె ఒడిలో పడెను. ఆ రాత్రి గంజి త్రాగెను.

మేము వాకిట నిలుచుండి చూచితిమి. కరుణించువాడు సంతోషముతో కరుణింపవలెనను మాట రోమా 12:8లో వరముల పట్టీ మధ్యనే యున్నది. మూడు నెలల క్రిందట ఆమె అరుగుమీద ఆ పట్టీ ఒప్పజెప్పినప్పుడు మేము ఆ వరమును పేరుపెట్టి పలికితిమి, అది మా యెదుట కూర్చుండి బియ్యము ఏరుచుండెనని ఎరుగకపోతిమి.

మరి ఆమె మాత్రము ఎందుకు ఎరుగలేదు? వరము తన్ను తాను చూచుకొనదు. 12:7 ప్రకారము ఆత్మ ప్రత్యక్షత అందరి ప్రయోజనము కొరకు. కావున అది మొదట కనబడునది ప్రయోజనము పొందినవారికి. యొప్పేలో తబితా చనిపోయినప్పుడు ఏమి జరిగెనో చూడుడి (అపొ. కార్య. 9:39). ఆమె తన వరమును గూర్చి చెప్పిన మాట ఒక్కటియు లేఖనములో లేదు. విధవరాండ్రు ఏడ్చుచు వచ్చి, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను పేతురునకు చూపిరి. అదే ఆమెనుగూర్చిన సాక్ష్యము. చేతులెత్తుడని పిలిచినయెడల తబితా చెయ్యి లేచియుండునో లేదో! "నాకు ఏ వరమున్నది?" అని ఒంటరిగా కూర్చుండి తన్ను తాను తవ్వుకొనువానికి జవాబు దొరకుట కష్టము. జవాబు పొరుగువారియొద్ద నున్నది. వారు చెప్పుట లేదు. తబితా విషయములో ఆమె చనిపోయిన తరువాత చెప్పిరి. మనమును సమాధి కూటములోనే చెప్పుదుము.

భాషల వరమును మేము త్రోసివేయుచున్నామని ఎవరును తలంచవద్దు. పౌలు దానిని ఆటంకపరచవద్దని చెప్పెను (14:39). అయితే సంఘములో ఇద్దరు లేక ముగ్గురు, అదియు వంతులచొప్పున, అర్థము చెప్పువాడున్నప్పుడే, లేనియెడల మౌనముగా అని హద్దు పెట్టెను (14:27, 28). అందరును భాషలతో మాటలాడుచున్నారా అని 12:30లో ఆయన అడిగినది, లేదు అను జవాబు కొరకే. దానిని ఆత్మ గలవారికిని లేనివారికిని గుర్తుగా పెట్టుట అపొస్తలుడు చేయని పని. ఆత్మ గలవారి గుర్తు అధ్యాయము మొదటనే యున్నది: యేసు ప్రభువని ఒప్పుకొనుట (12:3). ఆ తల్లి ముప్పది ఏండ్లుగా ఒప్పుకొనుచున్నది.

స్వస్థత విషయములో ఒక్క మాట గట్టిగా చెప్పవలెను. క్షయరోగమునకు మాత్రలు మ్రింగుచున్న ఒకనికి ఎవరో ప్రార్థన చేసి, విశ్వాసముంటే మాత్రలు మానుమని చెప్పిరి. అతడు మానెను. జబ్బు మరల తిరుగబెట్టెను. ఆ మందులు కనీసము ఆరు నెలలు తప్పక వాడవలసినవని ఆసుపత్రివారు చెప్పుదురు. రోగులకొరకు మేము ప్రార్థింతుము, తలమీద చేతులుంచుదుము, దేవుడు స్వస్థపరచుట చూచితిమి. అయితే పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చెను (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైనంతగా రోగియాయెను (ఫిలిప్పీ 2:27). పౌలుతోనున్న లూకా వైద్యుడు. మాత్రలు మానుమను మాట ఏ వరముగలవాడు చెప్పినను వినకుడి.

గత నెల మా పెద్దలతో కూర్చుండి ఒక ఏర్పాటు చేసికొంటిమి. కోత పండుగలోపల ఇద్దరిద్దరుగా ప్రతి యింటికి పోవలెను. మీకు ఏ వరమున్నదని ఎవరిని అడుగరాదు. అడుగవలసినది ఇది: "ఈ యేడు సంఘములో ఎవరివలన మీకు మేలు కలిగింది?" వారు చెప్పిన పేరును మేలును పుస్తకములో వ్రాసికొనవలెను, తరువాత ఆ పేరుగలవారి యింటికి పోయి, ఫలానావారు ఇట్లు చెప్పిరని వారితో చెప్పవలెను. అంతే.

ఇప్పటికి సగము ఇండ్లు అయినవి. రాత్రివేళ ఎందరో రోగులను కిరాయి లేకుండ ఆసుపత్రికి చేర్చిన ఆటో నడుపు అబ్బాయి పేరు పలుమారు వచ్చెను. అతడు ఆరాధనకు ఆలస్యముగా వచ్చునని మేము గద్దించుచుంటిమి. కొట్లాడుకొన్న అన్నదమ్ములను ఒక పంక్తిలో కూర్చుండబెట్టిన వృద్ధుని పేరు వచ్చెను. మైకు బాగుచేయు పిల్లవాని పేరు, గుమాస్తా పేరు వచ్చెను. మా ప్రసంగముల మాట మేము ఎదురుచూచినంత రాలేదు.

ఆ తల్లి పేరు అన్నిటికంటె ఎక్కువసార్లు వ్రాయబడెను. ఆ సంగతి చెప్పుటకు పెద్దలతో కూడ మేమే పోతిమి. విని నవ్వెను. "వాళ్లు ఊరికే అంటారు అయ్యగారూ. ఆకలైనోళ్లకు గంజి పోస్తే అదొక వరమా?" అనెను. మేము ఈసారి పట్టీ చెప్పలేదు. పుస్తకములో నున్నది ఇంటింటి పేరుతో చదివి వినిపించితిమి. నడుమ నవ్వుట మాని, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వినెను. దుఃఖమున్న ఇండ్లకు పోవునప్పుడు స్త్రీల సమాజములోని ఇద్దరు యౌవనస్త్రీలను వెంట తీసికొని పోయి ఆ పని నేర్పవలెనని కోరితిమి. "నేను నేర్పేదేముంది, వస్తే రమ్మనండి. ఈ వారం మాత్రం కాదు, పత్తి తీతకు మాటిచ్చాను" అనెను.

మొన్న మొదటి ఆదివారమున ఆమె బల్లయొద్దకు వచ్చి, కడపటి వరుసలో, ఆ విధవరాలైన చిన్నదాని ప్రక్కను మోకరించెను. కూటముల నాటి మాట ఆమె మరల ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. చెరువు అవతలి ఇండ్లు ఇంకను చూడవలసియున్నవి.